దాచిపెడితే తేలిన రుచి

పెద్దలంతా వచ్చారు. పెన్‌ఫోల్డ్స్ కంపెనీ యాజమాన్యం, వాళ్ల మిత్రులు, వైన్ గురించి వీళ్లు చెప్పిందే వేదం అన్నంత పేరున్న సిడ్నీ ప్రముఖులు. వాళ్ల ముందు వరసగా సీసాలు. 1951 మొదలు ఏటా తయారుచేసి నేలమాళిగలో పేర్చుకుంటూ వచ్చిన ఎర్ర వైన్ అది. చేసినాయన పేరు మ్యాక్స్ షూబర్ట్. ఏళ్ల తరబడి పడిన శ్రమ ఆరోజు పరీక్షకు నిలబడింది.

గ్లాసులు తిప్పారు. వాసన చూశారు. గుక్కెడు నోట్లో పోసుకున్నారు. ఇక మొదలైంది! బుర్ర ఉన్నవాడెవడూ కొనడు, కొన్నా తాగడు... అలాంటిది చేసినందుకు అభినందనలన్నాడు ఒకాయన. అడవిపళ్లన్నీ కలిపి, అందులో చీమల్ని నలిపి పోసినట్టుందన్నాడు ఇంకో పెద్దమనిషి. చీమల రుచి ఆయనకెలా తెలుసో మరి! బాగుందన్నవాళ్లు దాదాపు లేరు. 1957లో ద్రాక్షకోతలు మొదలవడానికి కొద్దిగా ముందు షూబర్ట్‌కు ప్రధాన కార్యాలయం నుంచి కాగితం అందింది. ఆ వైన్ తయారీ ఆపేయమని.

దాని పేరు గ్రాంజ్ హెర్మిటేజ్. తర్వాత్తర్వాత ఒట్టి గ్రాంజ్. 2001లో దక్షిణ ఆస్ట్రేలియా నేషనల్ ట్రస్ట్ దాన్ని తమ రాష్ట్ర వారసత్వ చిహ్నాల్లో చేర్చింది. పాత సీసాలు వేలంలో వేల డాలర్లు పలుకుతాయి. మరి ఆరోజు అంతమంది నాలుకలు అబద్ధం చెప్పాయా అంటే... చెప్పలేదు. వాళ్లు చూసిన రుచి నిజమే. కాకపోతే తొందరపడి చూశారు.

కబుర్లు మోసిన కుర్రాడు

షూబర్ట్ పుట్టింది 1915లో, అడిలైడ్ నగరానికి ఈశాన్యంగా ఉండే బరోసా లోయ అంచున. 1840ల్లో జర్మన్ కుటుంబాలు వలస వచ్చి ద్రాక్షతోటలు వేసుకున్న ప్రాంతమది. 1931లో పెన్‌ఫోల్డ్స్‌లో చేరాడు. వైన్ చేయడానికి కాదు, కబుర్లు చేరవేసే కుర్రాడిగా! రెండో ప్రపంచయుద్ధంలో సైన్యానికి వెళ్లాడు, తిరిగొచ్చాడు. 1948 నాటికి ఆ కంపెనీలో వైన్ తయారీ మొత్తం ఆయన చేతికి వచ్చింది.

ఆ కంపెనీ పుట్టుకా చిత్రమే. 1844లో ఇంగ్లండ్ నుంచి వచ్చి అడిలైడ్ శివారు మాగిల్‌లో స్థిరపడ్డ డాక్టర్ క్రిస్టఫర్ రాసన్ పెన్‌ఫోల్డ్ తన రోగులకు బలం మందుగా వైన్ ఇచ్చేవాడు. వైన్ పనులు ఎక్కువగా చక్కబెట్టింది ఆయన భార్య మేరీ. గ్రాంజ్ అన్నది వాళ్లు కాపురమున్న చిన్న ఇంటి పేరు. వందేళ్లు గడిచి షూబర్ట్ రోజులొచ్చినా ఆస్ట్రేలియాలో వైనంటే ఎక్కువగా పోర్ట్, షెర్రీలే. పులిసిన ద్రాక్షరసంలో స్పిరిట్ కలిపి ఘాటు పెంచిన సరుకు. 1950లో కంపెనీ ఆయన్ను యూరప్ పంపింది కూడా స్పెయిన్‌లో షెర్రీ ఎలా చేస్తారో చూసి రమ్మనే.

షెర్రీ చూశాడు. పనిలో పనిగా ఫ్రాన్స్‌లోని బోర్డోకీ వెళ్లాడు. అక్కడ క్రిస్టియన్ క్రూస్ అనే వైన్ వ్యాపారి ఆయనకు నలభై, యాభై ఏళ్లనాటి వైన్లు రుచి చూపించాడు. అన్నేళ్లయినా వాటిలో జీవం పోలేదు! మన దగ్గర కనీసం ఇరవై ఏళ్లు నిలిచే ఎర్ర వైన్ ఎందుకు చేయకూడదు? ఈ ఆలోచనతోనే ఇంటికి బయల్దేరాడు షూబర్ట్.

చిక్కల్లా ద్రాక్షతోనే. బోర్డో వైన్‌కు ప్రాణం కాబర్నే సావిన్యోన్, మెర్లో లాంటి రకాలు. దక్షిణ ఆస్ట్రేలియాలో అప్పట్లో అవి అరుదు. కావలసినంత దొరికేది షిరాజ్. ఇంట్లో ఉన్న కూరగాయతోనే కదా వంట! షిరాజ్‌నే తీసుకున్నాడు. బోర్డోవాళ్లు ఫ్రెంచి ఓక్ పీపాలు వాడితే ఈయన అమెరికా ఓక్ పీపాలు ఎంచుకున్నాడు. 1951లో 300 లీటర్ల కొత్త పీపాలు ఐదు నింపాడు. ఆ తర్వాత తోటలు మార్చి చూశాడు. పాళ్లు మార్చి చూశాడు. షిరాజ్‌లో కొద్దికొద్దిగా కాబర్నే కలిపి చూశాడు. అలా అలా సిడ్నీ పరీక్ష దాకా వచ్చింది కథ.

మరి ఆపేయమన్న కాగితం వచ్చాక ఏం చేశాడు? ఆపలేదు!

ప్రధాన కార్యాలయం సిడ్నీలో. మాగిల్ వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు దూరం. అది కలిసొచ్చింది. యాజమాన్య కుటుంబానికే చెందిన జెఫ్రీ పెన్‌ఫోల్డ్ హైలాండ్ లోపాయికారీగా అండగా నిలిచాడు. 1957, 58, 59... మూడేళ్లూ గ్రాంజ్ తయారైంది, తక్కువ మొత్తంలో, గుట్టుగా. కొత్త పీపాలకు డబ్బు అడిగితే గుట్టు రట్టవుతుంది కాబట్టి పాత పీపాలతోనే సరిపెట్టుకున్నాడు. సీసాలు మాగిల్ నేలమాళిగల్లో దాక్కున్నాయి. తెలిస్తే ఉద్యోగం పోయే పని. ఇంట్లో భార్యాపిల్లలున్న మనిషి ఒక రుచి కోసం అంత సాహసం చేయాలా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

ఈలోగా తొలి ఏళ్ల సీసాలు చీకట్లో తమ పని తాము చేసుకుపోతున్నాయి. కొన్నేళ్లకు వాటిని మళ్లీ రుచి చూస్తే అభిప్రాయాలు మారిపోయాయి. 1960 కోతల ముందు, మళ్లీ మొదలుపెట్టమని యాజమాన్యమే చెప్పింది. మధ్యలో ఒక్క ఏడూ ఖాళీ పోకుండానే! 1962లో సిడ్నీ వైన్ ప్రదర్శనలో 1955 నాటి గ్రాంజ్‌కు బంగారు పతకం వచ్చింది. అదే నగరం. అదీ ఆపేయమన్న ఆదేశానికి ముందుదే. 1995లో అమెరికా పత్రిక 'వైన్ స్పెక్టేటర్' 1990 గ్రాంజ్‌ను ఆ ఏటి మేటి వైన్‌గా ప్రకటించింది. ఆ మాట వినడానికి షూబర్ట్ లేడు. అంతకు ముందటేడే, 1994లో కన్నుమూశాడు.

వగరు... మన మాటే!

ఇంతకీ సీసాలో ఏం జరిగింది?

నల్లద్రాక్ష పిండితే వచ్చే రసం ఎర్రగా ఉండదు, పాలిపోయి ఉంటుంది. రంగంతా తొక్కలోనే. అందుకే ఎర్ర వైన్ చేసేటప్పుడు తొక్కతో సహా పులియబెడతారు. తొక్క నుంచి, గింజ నుంచి రంగుతోబాటు టానిన్లనే పదార్థాలూ దిగుతాయి. మన హైదరాబాద్ అనాబేషాహీ ద్రాక్ష తిన్న నోటికి వైన్ ద్రాక్ష కొత్తగా ఉంటుంది. అనాబేషాహీ పండు పెద్దది, కండ ఎక్కువ. కాబర్నే పండు బఠానీ కన్నా కాస్త పెద్దదంతే. తొక్క మందం, పరిమాణానికి గింజలు ఎక్కువ. పండుగా తింటే పెద్ద సంబరం ఉండదు. వైన్‌కు మాత్రం ఆ తొక్కా గింజలే ఆస్తి.

టానిన్లు చేసే పని ఒకటుంది. నోట్లో లాలాజలం జారుడుగా ఉండేలా చూసే ప్రొటీన్లను పట్టుకుని ముద్ద కట్టిస్తాయి. దాంతో నాలుక, చిగుళ్లు పట్టేసినట్టు, గరుకుగా అవుతాయి. నేరేడుపళ్లు తిన్నాక అనిపిస్తుందే, అదే. వక్క నమిలినా, పాలు పోయని చిక్కటి టీ తాగినా అంతే. దీన్ని చెప్పడానికి వైన్ పండితులు పట్టుబట్ట అంటారు, ఇసుక అంటారు, సుద్ద అంటారు. ఉగాది పచ్చడి తిన్న తెలుగువాళ్లకు ఒక్కమాట చాలు, వగరు! ఆరు రుచుల్లో దానికి పీట వేసి మరీ కూర్చోబెట్టుకున్నాం మనం. ఎర్ర వైన్ రుచి చూడటంలో సగం పని ఈ వగరును పట్టుకోవడమే. ఎంత ఉంది అన్నది ఒకటి. ఎలాంటిది అన్నది దానికన్నా ముఖ్యం. పచ్చి అరటికాయ వగరా, పండిన నేరేడు వగరా?

కొత్త వైన్‌లో వగరు వేరు, పులుపు వేరు, ఓక్ చెక్క వాసన వేరు. ఎవరి గోల వారిది. ఏళ్లు గడిచేకొద్దీ టానిన్లు, రంగు పదార్థాలు ఒకదాంతో ఒకటి ముడిపడతాయి. కొన్ని మడ్డిగా అడుక్కి దిగిపోతాయి. గరుకు తగ్గుతుంది. ఊదా ఛాయ పోయి ఇటుకరంగు తిరుగుతుంది. తాజాపళ్ల వాసన వెనక్కి వెళ్లి ఎండుపళ్లు, తోలు, పొగాకు లాంటి వాసనలు ముందుకొస్తాయి. ఆవకాయ కలిపిన రోజే జాడీ మూత తీసి ఎవరైనా తీర్పు చెబుతారా? ఆవపిండి చేదు, విడిగా ఉప్పు, ఊరని ముక్క. మూడోరోజు తిరగ కలిపాక గదా సంగతి తెలిసేది. గ్రాంజ్‌కు మూడు రోజులు చాలవు, పదిహేను ఇరవై ఏళ్లు కావాలి. దానికి తోడు సిడ్నీ పెద్దల నాలుకలు పోర్ట్‌కూ, తేలికపాటి వైన్లకూ అలవాటుపడ్డవి. షూబర్ట్ వారికి పెట్టింది నిన్న కలిపిన ఆవకాయ!

అలాగని ప్రతి ఎర్ర వైన్‌నూ దాచుకుంటే మాగుతుందనుకోవడం పొరపాటు. దుకాణాల్లో దొరికేవాటిలో ఎక్కువభాగం ఒకటి రెండేళ్లలో తాగేయడానికి చేసినవే. వగరు, పులుపు, పండు... మూడూ దండిగా ఉన్నవే ఏళ్లు తట్టుకుంటాయి. మిగతావి అల్మరాలో పెట్టుకుంటే చప్పబడిపోతాయి. పెళ్లికి బహుమతిగా వచ్చిన సీసాను పాతికేళ్లు దాచి, పిల్ల పెళ్లికి తీసి, మొహం చిట్లించినవాళ్లు ఎందరో!

పప్పుచారు సూత్రం

గ్రాంజ్ కొనే స్తోమత ఆస్ట్రేలియాలోనే చాలామందికి లేదు. 1960లో షూబర్ట్ ఇంకో వైన్ మొదలుపెట్టాడు. దాని పేరు బిన్ 389. బిన్ అంటే నేలమాళిగలో సీసాలు పేర్చే అర. అర నంబరే పేరైపోయింది. గ్రాంజ్ మాగిన పీపాల్లో తర్వాత దీన్ని పోస్తారు. అందుకే 'పేదవాడి గ్రాంజ్' అని పిలుచుకుంటారు. పేదవాడన్నది మాటవరసకే, దీని ధరా తక్కువేం కాదు. ఇందులో కాబర్నే, షిరాజ్ దాదాపు సగం సగం. పాళ్లు ఏటా మారుతుంటాయి.

ఈ జోడీ ఆస్ట్రేలియా ప్రత్యేకత. ఫ్రాన్స్‌లో కాబర్నే ఇల్లు బోర్డో, షిరాజ్ ఇల్లు రోన్ లోయ. అక్కడ దాన్ని సిరా అంటారు. ఇప్పటి బోర్డో నిబంధనల ప్రకారం ఆ పేరుతో అమ్మే వైన్‌లో సిరా కలపకూడదు. 19వ శతాబ్దంలో మాత్రం పలచబడ్డ బోర్డోకు బలం రావడానికి రోన్ వైన్ కలిపేవారట, అదీ ధర పెంచి అమ్ముకునేవారు! ఆస్ట్రేలియాకు అలాంటి కట్టుబాట్లు లేవు. బరోసా షిరాజ్‌నూ, అడిలైడ్‌కు దాదాపు 380 కిలోమీటర్ల దూరంలో ఎర్రమట్టి కింద సున్నపురాయి ఉండే కూనవారా కాబర్నేనూ ఒక పీపాలో పోసినా అడిగేవాడు లేడు.

ఎందుకు కలపాలి? కాబర్నే నోట్లో పడగానే గట్టిగా మొదలవుతుంది. చివర వగరుతో బిగుస్తుంది. మధ్యలో మాత్రం ఏదో వెలితి. షిరాజ్ నిండుగా, మెత్తగా ఉంటుంది. దానికి మధ్యలో లోటు లేదు, కానీ ఒంటరిగా ఉంటే కొన్నిసార్లు మరీ తియ్యపళ్ల రసంలా ఒదిగిపోతుంది. రెండూ కలిస్తే ఒకదాని ఖాళీలో ఇంకొకటి కూర్చుంటుంది. ఉత్త చింతపండు చారుకు పప్పు పడితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

సీసా మీది చీటీ చదవడానికి ఒక చిన్న కిటుకు. రెండు ద్రాక్షల పేర్లుంటే, ఏది ముందుంటే అది ఎక్కువ. 'కాబర్నే షిరాజ్' అంటే కాబర్నే పాలు ఎక్కువ, 'షిరాజ్ కాబర్నే' అంటే షిరాజ్. ఆస్ట్రేలియాలో అది చట్టం. షిరాజ్ అనగానే ఇరాన్‌లోని నగరం గుర్తొస్తుంది. అక్కణ్నుంచే వచ్చిందని ఎన్నో కథలు. 1990ల చివర డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తేలింది, దాని అమ్మా నాన్నా ఇద్దరూ ఆగ్నేయ ఫ్రాన్స్ రకాలేనని. కాబర్నే సావిన్యోన్ కూడా కాబర్నే ఫ్రాంక్, సావిన్యోన్ బ్లాంక్ కలిసి పుట్టిందని 1997లో ప్రకటించారు. అంటే కలగలుపు సీసాలోనే కాదు, తీగలోనూ ఉంది.

ముక్కుదే పెద్దరికం

రుచి చూసేవాళ్లు గ్లాసులో మూడోవంతుకు మించి పోయరు. మొదట తెల్లకాగితం మీద గ్లాసు వంచి అంచు రంగు చూస్తారు. ఊదా ఛాయ ఉంటే చిన్నవయసు. ఇటుకరంగు తిరిగితే పెద్ద వయసు. తిప్పితే గ్లాసు గోడల మీంచి ధారలు జారతాయి. అవి మెల్లగా జారితే గొప్ప వైనని కొందరు తల ఊపుతారు. అదంతా ఉత్తదే. ఆల్కహాలు నీటికన్నా త్వరగా ఆవిరవడం వల్ల ఏర్పడే ధారలవి. అందులో నాణ్యత ఏమీ తెలియదు.

తర్వాత ముక్కు. నిజానికి రుచి అనుకునేదాంట్లో ఎక్కువభాగం వాసనే. జలుబు చేసినప్పుడు గోంగూర పచ్చడి కూడా ఉత్త పులుపుగా మిగిలిపోవడం అందరికీ అనుభవమే. గ్లాసు తిప్పి, ముక్కు లోపలికి పెట్టి ఒకసారి పీల్చి, పక్కకు తీసి, మళ్లీ పీల్చాలి. ఆస్ట్రేలియా షిరాజ్-కాబర్నేలో ఏముంటాయి? నల్లటి పళ్లు. అమెరికా ఓక్ ఇచ్చే కొబ్బరి, వెనీలా. కాబర్నే వైపు నుంచి కొన్నిసార్లు నీలగిరి తైలం! ఇది పండితుల ఊహ కాదు. తోట పక్కన యూకలిప్టస్ చెట్లుంటే, వాటి ఆకులు కోతలో కలిసి, వాటి నూనె గాలిలో వచ్చి తొక్కల మీద చేరి, నీలగిరి తైలంలో ఉండే పదార్థమే వైన్‌లోకి దిగుతుందని ఆస్ట్రేలియా వైన్ పరిశోధన సంస్థ తేల్చింది. జామాయిల్ తోటల పక్కన పెరిగినవాళ్లు ఈ వాసనను ఇట్టే పట్టేస్తారు.

షిరాజ్ వైపు నుంచి వచ్చేది మిరియం. చాలాకాలం అదేదో పోలిక అనుకున్నారు. అదే సంస్థ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన పరిశోధనతో గుట్టు విడిపోయింది. మిరియానికి ఆ వాసన ఇచ్చే రొటుండోన్ అనే పదార్థమే షిరాజ్ తొక్కలోనూ ఉంది. లీటరుకు ఒక గ్రాములో వందకోట్లో వంతులు పదహారు ఉన్నా ఎర్ర వైన్‌లో ముక్కు పసిగడుతుంది. తమాషా ఏమిటంటే పరీక్షలో పాల్గొన్నవారిలో ఐదోవంతు మందికి ఎంత ఎక్కువ కలిపినా ఆ వాసనే తెలియలేదు! అంటే పక్కపక్కన కూర్చుని ఒకే సీసా పంచుకున్న అన్నదమ్ములిద్దరిలో ఒకడికి మిరియం గుప్పుమంటుంది, రెండోవాడికి అసలు లేదు. ఇద్దరూ నిజమే చెబుతారు. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నవాళ్లకు ప్రయోగశాల అక్కర్లేకపోయింది.

అప్పుడు నోరు. చిన్న గుక్క తీసుకుని, పెదాల మధ్య నుంచి కాస్త గాలి లోపలికి లాగి, నోరంతా తిప్పాలి. పులుపు నాలుక పక్కల నీళ్లూరిస్తుంది. వగరు చిగుళ్ల మీద తెలుస్తుంది. మింగాకో ఉమ్మాకో ఆ రుచి ఎంతసేపు నిలిచిందో గమనించాలి. వృత్తిగా చేసేవాళ్లు ఉమ్మేస్తారు. రోజుకు వంద సీసాలు చూసే పనిలో మింగితే మధ్యాహ్నానికి న్యాయనిర్ణేత బల్లకింద ఉంటాడు! ఈ వైన్లలో ఆల్కహాలు 14 శాతం చుట్టూ ఉంటుంది. ఎంత తక్కువ తాగినా ఆరోగ్యానికి పూర్తిగా సురక్షితం అనే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. ఉమ్మేసేవాళ్లే తెలివైనవాళ్లేమో!

కంటిని మాత్రం నమ్మడానికి లేదు. 2001లో బోర్డోలో ఫ్రెడరిక్ బ్రోషే అనే పరిశోధకుడు వైన్ శాస్త్రం చదివే 54 మందితో ఒక ఆట ఆడాడు. తెల్ల వైన్‌లో వాసనలేని ఎర్రరంగు కలిపి ఇచ్చాడు. ఎర్ర వైన్లకు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు వాళ్లంతా. చదువుకున్న ముక్కుల పరిస్థితే అది. ధర తెలిసిన సీసాను పొగడటంలో, చీటీ చూసి మురవడంలో మామూలు మనిషిని తప్పుపట్టేదేముంది? అందుకే పోటీల్లో సీసా కనిపించనివ్వరు.

ఇక ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలనే మాట. ఆ గది యూరప్‌ది! 16 నుంచి 18 డిగ్రీలు. మే నెలలో హైదరాబాద్, విజయవాడ గదుల్లో పెట్టిన సీసా తెరిస్తే ముందు స్పిరిట్ ఘాటు ముక్కుకు కొడుతుంది, పండు వెనకబడుతుంది. అరగంట ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే సరిపోతుంది. పాత సీసా అయితే ఒకరోజు ముందే నిలబెట్టి, మడ్డి అడుక్కి చేరాక, పైతేట మెల్లగా వేరే పాత్రలోకి వంపుకోవాలి. గుంటూరు కారం దట్టించిన కోడికూరతో దీన్ని జోడించడం మంచి ఆలోచన కాదు. ఆల్కహాలు కారం మంటను ఇంకా రేపుతుంది. మాంసంలోని ప్రొటీన్, కొవ్వు మాత్రం వగరును లొంగదీస్తాయి. ఆస్ట్రేలియావాళ్లు కాల్చిన గొర్రెమాంసంతో తాగేది అందుకే.

షూబర్ట్ దాచిన సీసాల్లో ఒకటి చాలా ఏళ్ల తర్వాత ఒక ప్రభుత్వాధినేత కుర్చీకే ఎసరు పెట్టింది. న్యూసౌత్ వేల్స్ రాష్ట్ర ప్రీమియర్ బారీ ఓఫారెల్ పుట్టింది 1959లో. 2011లో ఎన్నికలు గెలిచాక ఒక వ్యాపారి ఆయనకు సుమారు 3 వేల ఆస్ట్రేలియా డాలర్ల 1959 గ్రాంజ్ సీసా పంపాడు. గుట్టుగా, పాత పీపాల్లో చేసిన ఆ ఏటిదే. 2014 ఏప్రిల్‌లో అవినీతి నిరోధక కమిషన్ ముందు ఓఫారెల్, అలాంటి సీసా తనకు అందిన గుర్తు లేదన్నాడు. మర్నాడే ఆయన చేతిరాతతో ఉన్న కృతజ్ఞతల చీటీ బయటపడింది. 1959 మంచి ఏడాదని మురిసిపోతూ రాసిన చీటీ! అదేరోజు రాజీనామా ప్రకటించాడు. కావాలని తప్పుదోవ పట్టించలేదని తర్వాత కమిషన్ చెప్పింది గానీ, పదవి తిరిగి రాలేదు.

2022 డిసెంబరు 29న భారత్, ఆస్ట్రేలియాల వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా 150 శాతం ఉన్న దిగుమతి సుంకం 5 అమెరికా డాలర్లు దాటిన ఆస్ట్రేలియా వైన్ సీసా మీద 100 శాతానికీ, 15 డాలర్లు దాటినదాని మీద 75 శాతానికీ దిగింది. పదేళ్లలో వాటిని 50కీ, 25కీ తగ్గించాలన్నది ఒప్పందం. ఆ సమయంలో ఢిల్లీలో ఆస్ట్రేలియా హైకమిషనర్‌గా ఉన్నదెవరో తెలుసా? బారీ ఓఫారెలే!